అద్దె ఇంటికి లైలాక్

రంగు సంగతి తర్వాత, రైటిస్.
ముందు మీ పెరట్లో ఎండ సంగతి చెప్పు.
రోజుకి ఎన్ని గంటలు నిలుస్తుంది?
తెలీదా?
అయితే రేపు ఆదివారం, కుర్చీ వేసుకుని కూర్చో,
నీడ ఎటు నడుస్తుందో చూడు.
ఆరు గంటలకు తగ్గిందా, ఇది ఆకులే వేస్తుంది,
పెళ్లికని కొత్త బట్టలు కుట్టించుకుని
ఇంట్లోనే ఉండిపోయిన వాడిలా.

చలికి బెంగపడకు.
మన విడ్జెమె చలి దానికి శిక్ష కాదు, నిద్ర.
ఆ నిద్ర చాలకపోతేనే మే నెలలో కళ్ళు తెరవదు.
దానికి గిట్టనిది తడి కాళ్ళు.
గొయ్యిలో బకెట్టు నీళ్లు పోసి
భోజనం చేసి రా.
ఇంకా నిలిచే ఉంటే చోటు మార్చు.
పొయ్యిలో బూడిద పారేయకు, పిడికెడు చల్లు.
పేడ మాత్రం వద్దు.
మా టాలివాల్డిస్ ప్రేమ కొద్దీ రెండు బండ్లు గుమ్మరించాడు,
నాలుగేళ్ళు మా మొహాన పచ్చగా నవ్వింది,
ఒక్క పువ్వు లేదు.

ఇదిగో, తెల్లది. ముద్దపువ్వు. అంటు కట్టింది.
అందగత్తే, కాదనను,
కానీ నిలబడింది ఎరువు కాళ్ళ మీద.
ఏ గడ్డు చలికో పైది పోతే
కిందది లేస్తుంది, దాని రంగుతో అది.
ఈ ఊదాది సొంత వేరు మీదిది,
పోయినా మళ్ళీ తానే వస్తుంది.

కత్తెర పట్టేది పూలు వాడిన వారంలోనే.
అక్టోబరులో తీరిక దొరికింది కదాని మొదలుపెట్టావో,
వచ్చే ఏటి పూలు
అప్పటికే గోరంత మొగ్గల్లో కూర్చుని ఉంటాయి,
వాటి పీకే కోస్తావు.

ఈ ఏడు పూస్తుందా?
పూయదు. మూడేళ్ళు. ఐదూ పట్టొచ్చు.

"అద్దె ఇల్లండీ" అన్నాడు,
"రెండేళ్ళకే రాసుకున్నాం."

రసీదు పుస్తకం మూసేశాను.

మా వంటింటి కిటికీ దగ్గర ఒకటుంది.
పాత రైల్వే క్వార్టరు మాది,
నాకు ముందు ఎన్ని కుటుంబాలు దిగి వెళ్ళాయో.
ఎవరు నాటారో గాని కిటికీకి మరీ దగ్గరగా నాటారు,
తొందర మనిషే అయ్యుంటారు.
మే చివర్లో రెక్క తెరవలేను,
అద్దానికి మూతులు ఆనించి లోపలికి చూస్తుంటాయి పూలు.
ఐదు రేకులది కనబడితే అదృష్టమని నమిలేస్తాను, చేదు.
జూన్‌లో నిచ్చెనెక్కి రంపంతో కోస్తూ
పేరు తెలియని ఆ మనిషిని
నోరారా తిట్టుకుంటాను.

పుస్తకం మళ్ళీ తెరిచాను.
ఊదాదాన్ని తడి గోనెలో చుట్టి ఇచ్చి
"గోడకు రెండు గజాలు వదులు" అన్నాను.
"ఎందుకండీ?"
"తర్వాత వచ్చేవాళ్ళు నిన్ను తిట్టుకోకుండా."