ఒంటి గొట్టం

సూదిలో దారం ఎక్కించేటప్పుడు
ఎవరైనా ఒక కన్ను మూస్తారు.
నాకా శ్రమ లేదు.
కొరిటెపాడులో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను,
ఎడమ కంటితో ఒక్క కుట్టూ వెయ్యలేదు.

లాలాపేటలో సుభానీ కొట్టు.
గోడ గడియారాలు, టార్చిలైట్లు, దిక్సూచులు,
అద్దాల బీరువా పై అరలో బైనాక్యులర్లు
నల్లగా, జంటలు జంటలుగా,
పెళ్లి ఫోటోకి కూర్చున్నట్టు.

"ఏం చూడ్డానికి, దీవెనమ్మక్కా?"
"ఉప్పలపాడు గూడబాతుల్ని."
"గట్టు మీద నిలబడితే కనపడవా ఏంటి?"
కనపడతాయి,
తుమ్మచెట్టు మీద ఆరేసిన బనియన్లలా.
నాకు ఆ ముక్కు కింద సంచి ఉందే,
దాని కుట్టు చూడాలని.

మొదట పన్నెండు రెట్లది చేతికిచ్చాడు.
ఎదురు మేడ మీద డిష్ గొడుగు
నా చేతి వణుకంతా పుచ్చుకుని గంతులేసింది.
ఎనిమిది రెట్లది నయం, ఉన్నచోట ఉంది.
కళ్లజోడు తీస్తే మసక,
పెట్టుకుంటే చుట్టూ నల్లటి అంచు.
రబ్బరు కప్పు వెనక్కి మడవాలని
సుభానీకే తెలీదు.
కాలరు మడిచినట్టు నేనే మడిచాను,
అంచు పోయింది.

"రెండు గుండ్రాలూ కలిసి ఒకటవ్వాలక్కా. అయ్యాయా?"
కలవడానికి రెండోది ఉంటేగా!
కుడి గొట్టంలో వేపకొమ్మ, ఈనె ఈనె లెక్కపెట్టొచ్చు.
ఎడమ గొట్టంలో గంజి.
ముప్పాతిక కేజీ మెడకేసుకుని
అందులో సగం గంజి కోసం మొయ్యాలి.
తాళం వేసిన గదికి నెలనెలా అద్దె.

"అయితే ఒంటి గొట్టం ఉంది" అంటూ
డ్రాయరు అడుగునుంచి తీశాడు,
తప్పిపోయిన జోడులో మిగిలిన చెప్పులా
కొంచెం సిగ్గుపడుతూ.
పెద్ద దారపు రీలంత. అరచేతిలో ఇమిడింది.
ఒక్క వేలితో తిప్పితే చూపు కుదురుతుంది.
పదహారు వందలన్నాడు. పదమూడుకి దిగాడు.

నోట్లు లెక్కపెడుతుంటే ఏమనుకున్నాడో,
"ఒకసారి ఆ కంటికి కూడా పెట్టి చూడక్కా."

నాకు ఏడేళ్లప్పుడు పెద్దాసుపత్రిలో
మంచి కంటికి ప్లాస్టరు వేశారు.
ఆర్నెల్లు ఉంచితే
బద్ధకపు కన్ను పని నేర్చుకుంటుందన్నారు.
బళ్లో నా పేరు తపాలాబిళ్ల అయింది.
మూడోరోజు కుళాయి వెనక నిలబడి ఊడబీకి
బెంచీ అడుగున అంటించాను.
మెల్లకన్ను అదృష్టంలే అన్నారు చుట్టాలు.
అమ్మ కూడా నమ్మాలనే చూసింది.

కుడి కన్ను అరచేత్తో మూసుకుని
ఎడమ కంటికి ఆనించాను.
ఆసుపత్రి గోడ మీది మొదటి అక్షరమే చదవని కన్ను.
వెలుతురు. బూజు. ఏదో పచ్చనిది.
ఆ పచ్చనిదాన్లో ఏదో కదిలింది.
ఆకో, కాకో, ఎవరి లుంగీయో.
కదలడం మాత్రం నిజం.
నలభై ఏళ్లుగా దాన్ని నేను
ఒక్క మాటా అడగలేదు.

"ఏం కనపడిందక్కా?"
"ఏం లేదు. కవరియ్యి."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆటో ఎక్కి
ఉప్పలపాడు గట్టు మీదకెళ్లాను.
గూడబాతు సంచికి కుట్టు లేదు!
ఒకటే గుడ్డ, క్రాసుగా కత్తిరించింది.
సాగుతుంది, నీళ్లు వార్చుకుంటుంది,
మడత పడకుండా ముడుచుకుంటుంది.
నేనైతే అక్కడ నాలుగు డాట్లు వేసి
పాడుచేసేదాన్ని.

పక్కనున్న పిల్లాడు చెయ్యి చాచాడు. ఇచ్చాను.
రెండో కన్ను మూయడం వాడికి చేతకాలేదు.
మొహమంతా నలుపుకుని, పళ్లు బయటపెట్టి,
"ఎట్టా మూస్తారండీ?" అన్నాడు.
నన్నా అడగడం!
నా అరచెయ్యి వాడి కంటికి అడ్డం పెట్టాను.
కాసేపేలే అన్నాను.

పిట్ట దొరికిందని వాడు కేకేశాడు.
నా చేతి కింద
వాడి రెప్ప కొట్టుకుంటూనే ఉంది.