పేరు కింద అక్షరాలు

డే అండ్ నైట్ జంక్షన్‌లో
బ్యాడ్జీలు చెక్కే కుర్రాడు స్కేలు పెట్టి కొలిచి
తల అడ్డంగా ఊపాడు.
"తామాడ సుభాషిణి. దీనికే సగం ప్లేటు అయిపోనాది మేడమ్.
కింద ఎమ్మెస్సీ, దాని పక్కన ఇదేటో కొత్తది.
పేరు తగ్గించమంటారా, సదువు తగ్గించమంటారా?"

అమ్మకి పురుడు పోసిన నర్సమ్మది ఆ పేరు.
కొయ్యడానికి మనసు రాలేదు.
"చదువూ తగ్గించలేను బాబూ,
దాని కిస్తీలింకా తీరలేదు."
"అయితే అక్షరాలు సన్నం సేస్తాను" అన్నాడు.
సన్నం చెయ్యమన్నాను.

ఎమ్మెస్సీ అయ్యాక కూడా
చదవాల్సింది ఇంత మిగులుతుందని ఎవరనుకున్నారు.
కవిటి డయాలసిస్ గదిలో మూడో షిఫ్టు,
ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు,
రక్తం బయటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని
ఇంట్లోకొచ్చినట్టు తిరిగొచ్చే నాలుగేసి గంటలు.
ఆ మధ్యనే నా పుస్తకం.
పొటాషియం పేజీ దగ్గర అలారం.
లేచి వెళ్ళి మెలిపడ్డ ట్యూబు సరిచేసి వచ్చేసరికి
ఫ్యాను గాలికి పుస్తకం ఫాస్ఫరస్‌కి పోయి ఉండేది.
అలా ఒక పాఠం రెండుసార్లు, ఒకటి అసలు లేదు.

ఐదో మంచం దండాసి
కొబ్బరిచెట్లెక్కి బతికినవాడు.
ఇప్పుడు కొబ్బరినీళ్ళు తాగకూడదు.
ఆ మాట చెప్పింది నేనే.
ఎంత మర్యాదగా చెప్పానో గుర్తుంది, అందుకే ఇంకా సిగ్గు.
వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి చాపి
"సూడమ్మా, తేనెటీగ ఉందా, సచ్చిందా?"
ఫిస్టులా మీద వేళ్ళు ఆనిస్తే
చర్మం కింద జుమ్మని.
"ఉంది" అంటాను.
"అయితే నానూ ఉన్నానన్నమాట."

పుస్తకంలో దీనికి వేరే పేరుంది.
చూడు, తాకు, విను. వరస కూడా ఉంది.
వరస తప్పితే మార్కు పోతుంది.

పరీక్ష ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో.
నూట యాభై ప్రశ్నలు, మూడు గంటలు,
ఏసీకి వేళ్ళు కొంకర్లు.
సూది ఎంత వాలుగా దిగాలో తెలుసు.
నీళ్ళలో క్లోరిన్ ఎంత దాటకూడదో తెలుసు.
నూట పన్నెండో ప్రశ్న:
రోగి ఇక చికిత్స వద్దంటే నర్సు ముందుగా చేయవలసినది?
నాలుగు జవాబులు, నాలుగు గుండ్రాలు.

పనసపళ్ళు వాసనేసే రోజులవి.
దండాసి గొంతు తగ్గించి అడిగాడు,
"ఈ లచ్చివారం రాకుండా ఒగ్గేస్తే ఏటవుద్దమ్మా?
సెట్టెక్కనేను. దాని కింద కూకుని
ఒక్క బొండం తాగి తొంగుంతాను."
నేను డాక్టరుకి చెప్పలేదు. కాగితం మీద రాయలేదు.
కౌన్సెలింగూ చెయ్యలేదు.
స్టూలు లాక్కుని కూర్చుని
ఏ చెట్టు అని అడిగాను.
ఎవరి తోటలోదో చెప్పాడు, ఎత్తు చెప్పాడు,
తుఫానుకి ఎటు వంగి మళ్ళీ ఎటు లేచిందో
కుడిచేత్తో గాలిలో గీసి చూపించాడు.
మిషను ఆగింది.
లచ్చివారం వచ్చాడు.

గుండ్రాల్లో 'ఏ చెట్టు' లేదు.
'రోగి మాట వినుట' అని మూడోది ఉంది,
అదే నొక్కాను.
వినడానికి స్టూలు కావాలని దానికి తెలియదు.

ఫలితం ఫోనులో వచ్చింది, నేను చేతులు కడుక్కుంటుండగా.
తడివేలికి తెర తెరుచుకోలేదు.
టెక్నీషియన్ అప్పలస్వామి లాక్కుని
తనే చదివి, నాతో ఏమీ అనకుండా
స్టీలు ట్రే మీద కత్తెరతో గంట కొట్టాడు.
జీడిపప్పు కార్ఖానాలో బద్దలు ఏరే ఎండమ్మ
ఉలిక్కిపడి కళ్ళు తెరిచి
"అయిపోనాదా నా టైము?" అంది.

సోమవారం కొత్త బ్యాడ్జీ.
దండాసి కళ్ళు చిట్లించాడు.
"పేరు కింద సీమలేటమ్మా?"
"పాసయ్యాను. ఈ పనిలోనే ఇంకో పెద్ద పరీక్ష."
సంతోషించాడు. చెయ్యి చాపాడు.
"అయితే ఈ పాలి సూది నొప్పెట్టదన్నమాట."

నూట యాభైలో ఆ ప్రశ్న రాలేదు.
"పెడుతుంది" అన్నాను.
"పెట్టనీ" అన్నాడు. "తేనెటీగ?"

వేళ్ళు ఆనించాను.