కిందికి దించిన కుళాయి

జబల్‌పూర్‌లో పుట్టింది. యాడెక్కడ తిరిగిందో చెప్పదు.
మిల్ట్రీ వేలంలో పాత ఇనుము కింద అమ్మితే
శక్తిమాన్ లారీని కొనుక్కొచ్చాడు వెలుగొండయ్య
కనిగిరికి, పామూరు రోడ్డులో నా షెడ్డు ముందుకి.
తోలుకొచ్చాడంటే అబద్ధం.
ఒంగోలు నుంచి ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చాడు.

"నీళ్లు తోలాలి మీరా, ఎన్నాళ్లకి లేచుద్ది?"
బానెట్ ఎత్తా.
లోపల కందిరీగలు గూడు కట్టి, కాపురం చేసి,
ఖాళీ చేసి కూడా పోయాయి.

మొదట ఎడమ చక్రం.
నట్లు కదల్లేదు. పానాకి పైపు తొడిగి
ఇద్దరం ఎక్కి తొక్కాం.
బోల్టు తెగి సుభాని మోకాలికి తగిలాక గుర్తొచ్చింది
ఎడమ పక్క మరది తిరకాసు అని.
విప్పుతున్నామనుకుంటా
పొద్దుటి నుంచీ బిగిస్తా ఉన్నాం.
ఆ సాయంత్రం షెడ్డులో ఎవరం మాట్లాడుకోలా.

రంగు గీకా.
ఆకుపచ్చ కింద ఇసుక రంగు,
దాని కింద మళ్లీ ఆకుపచ్చ,
నంబరు ముందు పైకి చూస్తున్న బాణం.
అంకెలన్నీ గీకి బాణాన్ని వదిలేశా.
ఎందుకంటే చెప్పలేను.
సీటు కింద ఖాకీ దారం చుట్టిన సూది,
గ్రీజులో పడింది గనక తుప్పు పట్టలా.
మా హుస్సేన్‌బీ దాంతోనే ఇప్పుడు గోతాలు కుడతంది.

దీనికి సామాను దొరకదు.
ఆయిల్ సీలు కోసం మద్రాసు పుదుప్పేట దాకా పోయి
ఉత్త చేతుల్తో తిరిగొచ్చా.
చీమకుర్తి క్వారీలో పారేసిన బెల్టు ముక్క కోసి,
అరగదీసి, కూర్చోబెట్టా.
కారుద్ది. కారనీ.
కారినంత కాలం లోపల నూనె ఉన్నట్టే లెక్క.

పదిహేడో రోజు,
డీజిల్ గొట్టాల్లో గాలి పోయేదాకా
చేతి పంపు కొట్టీ కొట్టీ బొటనవేలు బొబ్బలెక్కాక
దగ్గింది. నల్లగా, ఒక్క దగ్గు.
ఇంకోటి.
ఆ తర్వాత పామూరు రోడ్డు కుక్కలన్నీ లేచాయి.

అయిపోయిందనుకున్నా.

ముందు ఇరుసు కూడా లాగే బండి,
వాగు రాళ్లకి కడుపు తగలనంత ఎత్తు.
వీపు మీద నీళ్ల ట్యాంకుతో
కొండ కింద పల్లెలో ఆగింది.
అక్కడి బోరునీళ్లు ముందు పళ్లని పట్టుకుని,
తర్వాత ఎముకల్లోకి దిగి,
మనుషుల్ని నేల తప్ప ఇంకేం చూడనియ్యకుండా వంచాయి.
కుళాయి నా ఛాతీ ఎత్తున ఉంది.
చెంచులమ్మ, నలభై ఆరేళ్లు, చూస్తే డెబ్బై,
బిందె పెట్టుకుని తల ఎత్తలేక
గాల్లో చేత్తో తడుముకుంది.
బండిని ఒక్క మాట అనలా.
"మిల్ట్రీ వాళ్లు పొడుగు గదా నాయనా" అంది.

ఆ రాత్రే వెల్డింగ్ పెట్టా.
గొట్టం వంచి మోకాలి ఎత్తుకి దించా.

ఇప్పుడు వారం వారం వాగు దాటేటప్పుడు
రాయి తగిలి విరుగుద్ది.
వెలుగొండయ్య తిట్టుకుంటా వస్తాడు.
"ఇంత ఎత్తు బండికి తోక వేలాడదీశావే, బుద్ధుందా?"
పైకి పెట్టమంటావా, అంటా.
బీడీ తీస్తాడు. డీజిల్ దగ్గరొద్దని అరుస్తా.
మళ్లీ జేబులో పెట్టుకుని
అటు తిరిగి నిలబడతాడు.

నేను అద్దం దించుకుని రాడ్డు అందుకుంటా.
కూలి రాసుకోవడం ఎప్పుడో మానేశా.
రాడ్ల డబ్బులు మాత్రం వదల్ను.