ఆలుగడ్డబావి వంతెన కింద

పెళ్ళి కార్డులు కొట్టి కొట్టి
అరిగిపోయిన కీబోర్డు నాది.
చిక్కడపల్లి ప్రెస్సులో ఒకసారి
‘కలకాలం’ నడుమ ఖాళీ ఒకటి పడి
‘కల కాలం వర్ధిల్లాలి’ అని అచ్చయింది.
మూడువందల కార్డులు. నా జీతంలోంచే.
అప్పట్నుంచీ తెలుసు,
అక్షరాలు అవే అయినా
ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారన్నది
వేరే సంగతి.

ఇప్పుడు మెట్టుగూడ గదిలో
జెకర్యా మాస్టారి బ్యాండు పుస్తకం ఎక్కిస్తున్నాను.
మౌసుతో గీసే పని కాదు, టైపు చేసే సంగీతం:
ఒక అక్షరం, పక్కన ఎనిమిది,
ఖాళీ, ఇంకో అక్షరం.
ఎంటర్ నొక్కితే
స్వరాలు గీతల మీద కూచుంటాయి,
కాడలు లేస్తాయి,
కాడల తలల మీద బీము పడుతుంది.
కిటికీలోంచి చూస్తే మెట్రో కూడా అంతే,
పిల్లర్లు, పిల్లర్ల మీద దూలం,
ఒక్కో పిల్లరు కాళ్ళ దగ్గర
నల్లగా ఒక ఆటో.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక ఆటో ఉంది.
బీములు అదే వేస్తుంది, అడక్కుండానే.
ఆరు స్వరాలిస్తే
ముగ్గురినీ ముగ్గురినీ ఎక్కించుకుంటుంది.
హైదరాబాదులో
మీటరు మీద నడిచే ఆటో
ఇదొక్కటే.

మాస్టారి పుస్తకంలో అలా లేదు.
రైల్వే వర్క్‌షాపు లెక్కల పుస్తకం అది,
నీలం సిరా:
ఇద్దరు, ఇద్దరు, ఇద్దరు.
ఒకచోట నలుగురు, ఇద్దరు.
ప్రింటు తీసుకుని లాలాగూడ వెళ్ళాను.
“సౌండు మారదు కద సార్” అన్నాను.
ఆయన ఏమీ అనలేదు.
మనవడు సమ్సోనును పిలిచి
నా కాగితం ముందు పెట్టాడు.
వాడు డ్రమ్ము మీద కొడితే గుర్రం పరుగెత్తింది.
తన పుస్తకం పెట్టాడు.
అవే ఆరు దెబ్బలు. మనుషులు నడిచారు.
“బరాత్‌ల గుర్రం ఎనక ఉంటది బిడ్డా,
ముంగట నడిచేది మనమే.”

ఆ రాత్రి ఒక్క ముక్క టైపు చేసి
ఆటోను ఆపేశాను.
చూడాలి అప్పుడా పేజీని,
ఒక్కో స్వరానికీ విడిగా ఒక తోక,
వానలో బస్‌స్టాపు దగ్గర
ఎవరి గొడుగు వాళ్ళదే అన్నట్టు.

ఇక నేనే కలపాలి.
చదరపు బ్రాకెట్టు తెరవడం, మూయడం.
చిత్రమేమంటే
తెరిచేది మొదటి స్వరానికి ముందు కాదు, తర్వాత.
ఆ మొదటిది గడప బయటే నిలబడి
ఇంటి మనిషి అనిపించుకుంటుంది.
ఇది చేతికి అలవాటవడానికి
రెండు రాత్రులు పట్టింది, బోలెడు టీ.

పందొమ్మిదో పాటలో
మాస్టారి గీత బారు గీతను దాటేసింది.
ఈ గదిలోంచి పక్క గదిలోకి,
మధ్యలో గోడ ఉందనే తెలియనట్టు.
పెన్ను జారిందేమో.
ఆటో అయితే ఎన్నడూ దాటదు.
పదిన్నరకి ఫోను చేశాను.
ముందు దగ్గు వినిపించింది.

“ఆలుగడ్డబావి వంతెన తెలుసు కద.
దాని కిందికెల్లి బ్యాండు పోతాంటే
మీద గూడ్సు బండి వస్తది.
గప్పుడు ఊపిరి తీస్కున్నవా, పాట గాయబ్.
సిల్వాను అని ఒకడుండె, క్లారినెట్టు.
ఒక్క ఊపిరిల అవతలికి పట్టుకొచ్చెటోడు.
ఏడ ఆగొద్దో గుర్తుండాలని గీసిన.”

“ఇప్పుడెక్కడున్నాడు సార్?”

“ఇంక ఎన్ని పాటలు మిగిలినయ్ నీకు?” అన్నాడు.

బ్రాకెట్టు తెరిచాను.
మూడు స్వరాలు, నిలువు గీత, ఇంకో నాలుగు.
ఎంటర్.
ఎర్రగా ఒక వరస: బీము ముగియలేదు.
మూయడం మరిచిపోయాను.

మూసి, కిటికీ దగ్గర నిలబడ్డాను.
చివరి మెట్రో ఎప్పుడో పోయింది.
దూలం మాత్రం ఉంది,
పిల్లరు మీంచి పిల్లరు మీదికి.
కింద ఒక షేర్ ఆటోవాడు
లాలాగూడ, లాలాగూడ అని పిలుస్తున్నాడు,
ఇద్దరు ఎక్కారు,
ఇంకొక్కరి కోసం.