ముప్పాతిక సెకను

ఏటుకూరు రోడ్డు పట్టుకుని కొంత దూరం పోతే కోల్డ్ స్టోరేజీ.
గేటు దగ్గరే ఘాటు మొదలు.
టూల్‌బ్యాగు కంటే ముందు నా తుమ్ము లోపలికెళ్లింది.

పని చిన్నదేనన్నారు పట్నంబజారు ఆఫీసులో.
అక్కడ రెండు రాగి లైన్లున్నాయి,
వాటిని మా ఇంటర్నెట్ ఫోన్లకు కలిపితే చాలు,
అక్కడ మోగింది ఇక్కడ ఎత్తుకుంటాం.
నంబరు మాత్రం మార్చొద్దు బాబూ,
ఇరవై రెండేళ్ల రసీదుల మీద అదే ఉంది,
గురజాలలో, రెంటచింతలలో, కారంపూడిలో
తలుపు చెక్కల మీద బొగ్గుతో రాసింది
అదే ఉంది.

అరచేతిలో పట్టే పెట్టె తెచ్చాను.
ఇటు రాగి, అటు నెట్టు.
మధ్యలో కూర్చుని మాటను
సెకనుకు యాభై ముక్కలు కోసి
ముక్కముక్కకీ చిరునామా రాసి పంపే
విసుగులేని గుమాస్తా.

గోడమీది డీపీ బాక్సు తెరిస్తే
బల్లిగుడ్లు, చిలుము,
ఎవరో ఇంకుపెన్సిలుతో వేసిన జతల నంబర్లు.
"నా రాతే అది" అన్నాడు వెనకనుంచి మస్తాన్‌వలి.
లైన్‌మన్‌గా రిటైరై ఇప్పుడిక్కడ రాత్రి కాపలా.
నేను తీగ ఒలుస్తున్నాను, పళ్లతో.
సరిగ్గా అప్పుడే ఎవరో రైతు ఫోన్ చేశాడు.
తొంభై వోల్టులు.
పెదవి నుంచి చెవిదాకా నేనే మోగాను.
"ఎత్తవయ్యా, నీకే" అన్నాడాయన.

మధ్యాహ్నానికి లైను కలిసింది.
ఆఫీసు నుంచి సాంబ్రాజ్యంగారు హలో అంటే
ఆవిడ హలో ఆవిడకే తిరిగొచ్చింది.
"ఎవరో వెక్కిరిస్తున్నారండీ" అంది కోపంగా.
రాగికీ పెట్టెకీ పొత్తు కుదిరేదాకా
అంకెలు మార్చి మార్చి
ముప్పావుగంటకు ఆవిణ్ణి ఒంటరిని చేశాను.

అసలు చిక్కు మూడింటికి బయటపడింది.
అవతల రైతు ఫోన్ పెట్టేసినా
పెట్టెకు తెలియడం లేదు.
వెళ్లిపోయిన మనిషి ముందు కూర్చుని
ఊఁ కొడుతూనే ఉంది.
రెండు లైన్లూ అలాగే బిగుసుకుపోయాయి.
మూడోవాడికి ఎంగేజి.

రాగికి వెళ్లొస్తానని చెప్పడం రాదు.
అవతలివాడు పెట్టేస్తే ఎక్స్‌ఛేంజీ ఒక మోత వినిపిస్తుంది,
విని, మనమే అర్థం చేసుకోవాలి.
నా పెట్టె పుట్టుకతో నేర్చుకున్న మోత
వేరే దేశానిది.

కంపెనీకి ఫోన్ చేస్తే క్యూలో పెట్టి వీణ వాయించారు.
మస్తాన్‌వలి చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకున్నాడు.
తేజ రకం టిక్కీ ఒకటి పక్కనుంటే
దానిమీద వేలితో కొట్టాడు.
కూఁ... అని ముప్పాతిక సెకను.
ముప్పాతిక సెకను ఏమీ లేదు.
మళ్లీ కూఁ...
గోనెసంచిలోంచి సన్నగా ఎర్రటి పొడి లేచింది.
"ముప్పై నాలుగేళ్లు స్తంభాలమీద కూర్చుని విన్నాను,
నిద్రలో కూడా తప్పు కొట్టను."
నేను ల్యాప్‌టాప్‌లో ఏడువందల యాభై అని కొట్టాను, రెండుసార్లు.
దగ్గుతూ.

ఆ తర్వాత వచ్చిన కాలు పెట్టేయగానే
పెట్టె చక్కగా వదిలేసింది.

ఆరింటికి కరెంటు పోయింది.
పెట్టె కళ్లు ఆరిపోయాయి.
లోపల రిలే టక్కుమని
లైనును మూలనున్న ఎర్ర ఫోనుకి అప్పజెప్పింది,
అది వెంటనే మోగింది కూడా,
ఇన్నాళ్లూ ఏం పట్టనట్టు.
ఆయనే ఎత్తాడు.
"అరవై టిక్కీలేగా? ఉన్నాయి.
ఎక్కడికి పోతాయి... ఆఁ, చల్లగానే ఉన్నాయి."
బయట జనరేటరు ఇంకా అందుకోలేదు,
ఈడ్చి ఈడ్చి దగ్గుతోంది.

టార్చి వెలుగులో సర్వీసు రిపోర్టు నింపాను.
చేసిన మార్పులు: ముప్పాతిక, ముప్పాతిక.
ఎవరు చెప్పారో రాసే గడి లేదు ఫారంలో.
కస్టమర్ సంతకం దగ్గర
ఆయన చేతే పెట్టించాను.
జేబులోంచి ఇంకుపెన్సిలు తీసి
నాలుకకు తడిచేసుకున్నాడు,
కారమేమో,
కాసేపు రాయలేదు.