చీమకుర్తి గ్రహం మీద

ముందు ఆ హెల్మెట్ తియ్యి అబ్బయ్యా,
మాట్లాడేదానికి మొహం కనపడాలి గదా.
పెయింటు డబ్బానేగా? నాదీ అదే.
వాసనకి మూడు రోజులు తలనొప్పి.
రాత్రంతా పుల్లమజ్జిగ పోసి పెట్టు, పోద్ది.

కథ ఎన్ని పేజీలు? డెబ్బయ్యా!
చించమని అనను, బీరువాలో పెట్టు.
ఉల్కావీరుడు దాటిన గ్రహాలన్నీ నువ్వు దాటలేవు.
నీకున్నది రెండు ఆదివారాలు, ఒక ఫోను,
మీ బావ ట్రాలీ ఆటో, అదీ డీజిలు నువ్వు కొట్టిస్తే.
ఓడ కూలినాక ఆయన
నీళ్ళు వెతుక్కుంటా ఒంటరిగా నడుస్తాడే,
సినిమాలో అర నిమిషం కూడా ఉండదు,
టీకొట్టు కాడ నువ్వు చేతులు తిప్పుతా
ప్రతిసారీ చెప్పేది అదే.
అదొక్కటే తియ్యి.

చోటుకేం కరువు మనకి?
రామతీర్థం దాటినాక పాత క్వారీ,
రాక్షసులు దిగిపోయినట్టు మెట్లు మెట్లుగా నల్లరాయి.
ఒక బిందె నీళ్ళు కుమ్మరించు,
రాయిలో బంగారు చుక్కలు లేస్తాయి.
ఆ రాయిని ఓడలెక్కించి ఎవరెవరి వంటిళ్ళకో పంపుతున్నాం,
మనమే ఒక్కసారీ ఆకాశం అనుకోలా.

అంచు కాడికి పోబాక.
పక్క క్వారీలో సైరన్ కూసిందా,
ఎంత మంచి షాట్ మధ్యలో ఉన్నా లగెత్తు.
వాళ్ళ షాట్‌కి రాళ్ళు లేస్తాయి,
మన షాట్‌కి దుమ్ము కూడా లేవదు.

పన్నెండింటికి ఫోను కాలి ఆగిపోద్ది.
తెల్లారుజామున ఐదున్నరకి మొదలుపెట్టు,
తడిగుడ్డ ఒకటి దగ్గరుంచుకో.
మాటలు అక్కడ పట్టాలని చూడకు,
రంపాల రొదలో నీ వీరుడి శపథం
దోమ పాటలాగుంటది.
రాత్రి ఇంట్లో దుప్పటి కప్పి చెప్పించు,
ఫ్యాను ఆపి.

క్లాప్ కొనబాక.
మార్కాపురం పలక ఒకటి, పైన చెక్కముక్క, చాలు.
తప్పు రాస్తే ఉమ్మేసి తుడుచుకోవచ్చు.

పాట మాత్రం వాళ్ళది వాడకు,
టిక్కెట్టు పెట్టకు, ఒక్క రూపాయి కూడా.
మొదట్లోనే రాయి:
ఇది మా ముచ్చట కొద్దీ తీసుకున్నామని.

వచ్చినోళ్ళకి అన్నం పెట్టు.
మా జిలానీ పాలిషింగ్‌లో రాత్రి డ్యూటీ దిగి
అట్నుంచి అటే వచ్చి గ్రహాంతరవాసి అయ్యాడు.
పచ్చరంగు పూస్తుంటే కూర్చునే నిద్రపోయాడు.
ఇడ్లీ పొట్లం వాసనకి లేచాడు,
డైలాగుకి కాదు.

ఇక అసలు సంగతి.
నేను ఉల్కావీరుడి నడక ఆరు నెలలు నేర్చుకున్నా,
అద్దం ముందు, మా అమ్మ చూడకుండా.
ఫ్యాక్టరీ వెనక గోడ మీద బొమ్మ వేసిన రాత్రి
నేను నడిచినంతసేపూ జనం
దోమలు కొట్టుకున్నారు.
ఒక షాట్‌లో, వెనకాల, చాలా దూరాన,
కాపలా మాలకొండయ్య పడ్డాడు.
నాకు తెలీదు, ఆయనకీ తెలీదు.
టార్చిలైటు చంకలో ఇరికించుకుని
సత్తుబిందె భుజాన పెట్టుకుని
ఆ నల్లమెట్ల మీద మెల్లగా దిగుతున్నాడు,
నీళ్ళకి.

ఎవడో ఈల వేశాడు.
తర్వాత అందరూ.

ఆ షాట్ తీసేద్దామనే కూర్చున్నా మర్నాడు.
వేలు మీట మీదే ఉంది చాలాసేపు.

అమావాస్య అమావాస్యకి వస్తాడు ఇప్పటికీ,
చెప్పులు బయట విడిచి, గడప కాడే నిలబడి,
"నేను దిగేది ఇంకోసారి వెయ్యి నాయనా" అంటాడు.
వేస్తా.
ఆయన చూస్తాడు, నేను ఆయన్ని చూస్తా.

సరే, పొద్దుపోయింది. డబ్బా ఇటియ్యి,
కళ్ళ కాడ బెజ్జాలు చిన్నవయినయ్యి,
పెద్దవి కోసిస్తా.
నువ్వు వెనకాల ఏం పడుతుందో కూడా
చూసుకోవాల గదా.