గొట్టం వాన

ఆ బొమ్మలో వాన మీకు గుర్తుండే ఉంటుంది.
రేవు మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి
సముద్రం వైపు చూస్తుంటారు.
మాట లేదు, వాద్యం లేదు.
వాన ఒక్కటే.

ఆ వాన కురిపించింది నేను.

మే నెల. పెదజాలరిపేట.
కుళాయిలో గాలి తప్ప ఏమీ రాక మూడో రోజు.
గరికిన పోలమ్మ పిన్ని డాబా మీద
పదిహేడేళ్ళవాణ్ణి, నడుముకి తువ్వాలు బిగించి
కొండచిలవని పట్టినట్టు గొట్టాన్ని చంకలో పట్టి
ఎండలోకి ఎత్తాను.
నలభై రూపాయలు, ఒక పులిహోర పొట్లం.

మా వీధికి రావాల్సిన ట్యాంకరే అది.
ఎవరితో ఏం మాట్లాడుకున్నారో
మాకెవరు చెప్తారు?
బిందెలతో ఉరికొచ్చిన ఆడవాళ్ళని ముందు తరిమేశారు.
తర్వాత డైరెక్టరు వాళ్ళ మొహాలు చూశాడు.
చాలాసేపు చూశాడు.
"ఉండనివ్వండి. బిందెలు మాత్రం తీయించండి" అన్నాడు.

కెమెరా వెనక ట్యాంకరు.
ట్యాంకరు వెనక సముద్రం.
వాళ్ళు చూసింది ముందుదాన్ని.
మీరు ఏడ్చింది వెనకదాన్ని తలచుకుని.

మధ్యలో ఒకచోట వాన ఏటవాలుగా ఊగుతుంది, గమనించారా?
ఒక పత్రికలో దానిమీద అర పేజీ రాశారు,
ఆకాశం కూడా తడబడిన క్షణం అని.
ఎర్రచీమ కుట్టింది.
కుడి మడమ దగ్గర.

మొన్న శనివారం డాబాగార్డెన్స్‌లో
ఆ బొమ్మ వేసి, దీపాలు వెలిగించి,
విశ్వపతి మాస్టారు నా చేతికి మైకిచ్చారు.
"ఎలా తీశారో చెప్పండి, మన సొంత మనిషి" అన్నారు.
ముందు వరసలో ఒకమ్మాయి చెవులు మూసుకుంది.
"ఇప్పుడే వద్దండీ, ఇంకా తడిగా ఉన్నాను."
పక్కనున్న పెద్దాయనకి కోపం వచ్చింది.
"దారం చూడకుండా గాలిపటం చూస్తే ఏం చూసినట్టు?"
"గాలిపటాన్ని" అందా పిల్ల.
ఎవరో నవ్వారు. ఎవరో లేచి వెళ్ళిపోయారు.
మైకు చెమట పట్టింది, గొట్టంలాగే.

నాకు పిన్ని గుర్తొచ్చింది.
జగదాంబ దగ్గర రెండో ఆట. నేనే తీసుకెళ్ళాను.
తెర మీద తన మొహం తనకే కనపడగానే
కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.
తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను:
"నువ్వు నీళ్ళ కోసం కదే పిన్నీ నిలబడ్డావు?"
కిటికీ లోంచి ఉమ్మేసి అంది:
"నాను నీల్ల కోసరమేరా.
బొమ్మలోదానికి ఆ సంగతి తెల్దు గదేటి."

ఇరవై ఏళ్ళుగా ఆ మాటకి జవాబు వెతుకుతున్నాను.
కొన్ని రాత్రులు దొరికిందనిపిస్తుంది.
కొన్ని రాత్రులు ఆ డైరెక్టరు మీద పాత కోపమే
కొత్తగా పుట్టుకొస్తుంది.
ప్యాకప్ అయ్యాక ట్యాంకరులో మిగిలింది
ఇంటికి అర బిందె. పసిపిల్లలున్న ఇళ్ళకి ఇంకో చెంబు.
అది బొమ్మలో లేదు.
ఉండాలని నేననను.
లేదని మర్చిపోనూ లేను.

మైకులో ఏమన్నానో మీకు నవ్వొస్తుంది:
"వాన బాగానే పడిందండి" అని కూర్చున్నాను.

బయట చెప్పుల దగ్గర ఆ అమ్మాయి కనపడింది.
ఎలా తీశారో చెప్పలేదు. ఒక్కటే చెప్పాను.
ఇంకోసారి చూస్తే,
వాన వెలిసే ముందు, తెర ఎడమ అంచున చూడమ్మా.
పచ్చ చీర. అందరి కళ్ళూ దూరంగా ఉన్నప్పుడు
ఆవిడ ఒక్కతే తల కాస్త పైకెత్తి
నాలుక చాపి
ఒక చుక్క పట్టుకుంటుంది.